ఆదివారం మధ్యాహ్నం బేస్ పట్టుకుంటే అన్యాయమా?

ఎవరూ లేనప్పుడు వచ్చి బేస్, అంటే విమానాశ్రయం, పట్టుకుపోవడం గెలుపు కాదు, దొంగతనం అని అవతలి పక్షం వాడొకడు మేం ఆన్‌లైన్లో ఆడే విమానయుద్ధం ఆటలో అందరికీ కనబడే ఛానెల్లో రాశాడు. మావాళ్లలో సగం మంది నవ్వి వదిలేశారు, మిగతా సగం మంది "వాడన్నదాంట్లో తప్పేముంది" అని మొదలెట్టారు. అప్పట్నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఇదే పంచాయితీ. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను, చదివి తిట్టాలనుకుంటే తిట్టండి.

మాది జయపురం. ఒడిశా కొరాపుట్ జిల్లాలోది, రాజస్థాన్‌లోది కాదు, ఇది ప్రతిసారీ చెప్పుకోక తప్పదు. మేమాడేది ఏసెస్ హై. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, టెక్సాస్‌లో ఉన్న హైటెక్ క్రియేషన్స్ అనే చిన్న కంపెనీ 2000లో తెచ్చిన ఆట, 2016లో మూడో వెర్షన్ వచ్చింది. బొమ్మలు చూస్తే ఇప్పటి పిల్లలు మొహం తిప్పేసుకుంటారు, మా మేనల్లుడైతే "మావయ్యా, ఇది నీ చిన్నప్పటి గేమా?" అని అడిగాడు. అయినా దీన్ని పట్టుకుని ఎందుకు వేలాడుతున్నామంటే, ఇందులో పది నిమిషాలకి మ్యాచ్ అయిపోవడం ఉండదు. ఒక పెద్ద మ్యాపు, అందులో మూడు దేశాలు, బిషప్స్, నైట్స్, రూక్స్ అని చదరంగం పేర్లు, మనం నిద్రపోయినా ఆఫీసుకెళ్లినా యుద్ధం అలా నడుస్తూనే ఉంటుంది. మిగతా రెండు దేశాల దగ్గర్నుంచీ చెప్పినన్ని బేస్‌లు లాక్కున్నవాళ్లు గెలిచినట్టు, మళ్లీ కొత్త మ్యాపు మొదలవుతుంది.

బేస్ పట్టడం ఎలాగంటే, విమానాశ్రయం మీద బాంబులేస్తే రాదు. దాని పక్కనే ఒక టౌన్ ఉంటుంది, అందులో ఇళ్లూ భవనాలూ కూలగొట్టాలి, సరిపడా కూలితే తెల్లజెండా లేస్తుంది. అప్పుడు పదిమంది సైనికుల్ని అక్కడ దింపి, వాళ్లు పరిగెత్తుకుంటూ మ్యాప్ రూమ్ అనే చిన్న గదిలోకి దూరాలి. పదిమందీ. తొమ్మిది మంది దూరితే బేస్ మారదు. ఆ పదిమందిని మోసుకొచ్చేది సి-47, ఆటలో అందరూ దాన్ని గూన్ అంటారు. నెమ్మదిగా వెళ్తుంది, దానికి ఒక్క తుపాకీ కూడా ఉండదు. నేలమీద వచ్చేవాళ్లకి ఎం3 అనే బండి ఉంది, అదీ పదిమందినే మోస్తుంది.

ఇక అసలు గొడవ. ఆడేవాళ్లలో ఎక్కువ మంది అమెరికా వాళ్లు. వాళ్ల సాయంత్రం ఎనిమిది, అంటే ఆట మంచి ఊపు మీద ఉండే టైము, ఎండాకాలంలో మనకి పొద్దున్న ఆరున్నర. ఆ టైముకి ఇక్కడ ఎవడు ఆడతాడు? నీళ్లు పట్టుకోవాలి, పిల్లల్ని రెడీ చేయాలి, డ్యూటీకెళ్లాలి. మాకు ఖాళీ దొరికేది ఆదివారం భోజనాలయ్యాక. మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయితే టెక్సాస్‌లో తెల్లవారుజాము మూడు. మ్యాపు మీద చూస్తే విమానాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. జపాన్ వాడో, ఆస్ట్రేలియా వాడో, నిద్రపట్టని అమెరికా ముసలాయనో. మేం నలుగురైదుగురం కలిసి వెళ్తే రెండు మూడు బేస్‌లు చేతికొస్తాయి, పొద్దున్నే లేచి చూసుకున్న అవతలి వాళ్లకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా గ్రూపులో దీన్ని తప్పనే మనిషి, ఎవరూ ఊహించరు, వయసులో అందరికన్నా పెద్దాయన. మా వీధిలోనే ఉంటారు, అందరం బాబాయ్ అంటాం. సునాబేడలో హెచ్ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు, మిగ్-21 ఇంజిన్ల కోసం 1964లో పెట్టిన ఫ్యాక్టరీ అది. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఆ విమానాలకి వీడ్కోలు చెప్తుంటే టీవీ సౌండు పూర్తిగా పెంచి "విన్నావా, ఆర్-25 ఇంజిన్, మాదే" అని ఇంట్లో అందరికీ చెప్పిన మనిషి. విమానాల విషయంలో ఆయన మాటకి మేం ఎదురు చెప్పం. ఆయనంటారు, "ఒరే అబ్బాయ్, పడుకున్నోళ్ల మీద పడడం అశ్వత్థామ పనిరా. మగాడివైతే పొద్దున్న ఆరున్నరకి లెగిసి కొట్టు."

మాట బాగుంది, చెవికి ఇంపుగా కూడా ఉంది, కానీ నేనొప్పుకోను. అశ్వత్థామ చంపినవాళ్లు మళ్లీ లేవలేదు. ఇక్కడ నిద్రలేచినవాడు కాఫీ కలుపుకుని, మనం తీసుకున్న బేస్‌ని మధ్యాహ్నానికల్లా తిరిగి తీసుకుంటాడు, ఎందుకంటే అప్పుడు పడుకునేది మేము. మాకు అర్ధరాత్రి దాటాక, వాళ్ల శనివారం మధ్యాహ్నం, ముప్ఫై మంది గుంపుగా వచ్చి ఒక్కో బేస్‌నీ ఊడ్చుకుపోతారు కదా, అప్పుడు ఇండియా వాళ్లు పడుకున్నారు పాపం అని ఎవరైనా ఆగారా? ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఆటని పెట్టి, ఏ గంట న్యాయమైనదో మాత్రం టెక్సాస్ గడియారం చెప్పాలంటే ఎలా?

ఇలాంటి లెక్క మాకు ఇంటి పక్కనే ఉంది. పొట్టంగి దగ్గర కోటియా ఊళ్లు, ఆంధ్ర మాదంటుంది, ఒడిశా మాదంటుంది, కేసు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. వీళ్ల ఆఫీసర్లు వచ్చి ఒక బోర్డు పెడతారు, వాళ్ల ఆఫీసర్లు వచ్చి ఇంకోటి పెడతారు. ఆ రోజు అక్కడ ఎవరున్నారో వాళ్లదే మాట. జెండా పాతడం ఒక పని, పాతిన జెండాని నిలబెట్టుకోవడం వేరే పని, ఆటలో కూడా రెండోదే కష్టం, మేం తీసుకున్న బేస్‌లలో సోమవారం దాకా మా చేతిలో ఉండేవి తక్కువ.

పైగా ఎవరూ లేరు అనేది కూడా పూర్తి నిజం కాదు. మొన్నామధ్య ఆదివారం జరిగింది చెప్తాను. ఐదుగురం వెళ్లాం. నేను, ఇంకో కుర్రాడు పి-47లలో టౌన్ మీద, ఒకడు పి-38లో రన్‌వే పైన కాపలా, ఒకడు బేస్‌కి కాపలా ఉండే ఆటోమేటిక్ గన్స్ పని పట్టడానికి, రాయగడ నుంచి మా బావ గూన్‌లో. బావ రాడార్‌కి దొరక్కుండా లోయల్లోంచి చెట్లకి తగిలేంత కిందనుంచి వస్తున్నాడు, ఇరవై నిమిషాల ప్రయాణం, చేతిలో తుపాకీ లేదు, చేయగలిగింది కొండల మధ్య నుంచి మెల్లగా తిప్పుకుంటూ రావడమే. అవతల ఒక్కడే ఒక్కడున్నాడు. వాడు స్పిట్‌ఫైర్‌లో లేచాడు, చక్రాలు నేల వదిలీ వదలకముందే మా పి-38 వాడు కాల్చేశాడు. మళ్లీ లేచాడు, మళ్లీ కాల్చేశాడు. మావాడికి హుషారొచ్చేసి మైకులో ఒకటే అరుపులు.

మూడోసారి వాడు విమానం తియ్యలేదు. మేమెవరం పట్టించుకోని వెహికల్ హ్యాంగర్ నుంచి విర్బెల్‌విండ్ తీశాడు, నాలుగు తుపాకులున్న జర్మన్ బండి, విమానాలకి యముడు. అది తోలుకుంటూ రన్‌వే పక్కనుంచి టౌన్లోకొచ్చి ఒక కూలిన ఇంటి చాటున ఆపుకున్నాడు. తెల్లజెండా లేచింది, బావ వచ్చాడు, తలుపు తీసి వదిలాడు, పది గొడుగులు ఒకటి వెనక ఒకటి విచ్చుకున్నాయి. కింద దిగిన చిన్న చిన్న బొమ్మ సైనికులు వరసగా మ్యాప్ రూమ్ వైపు పరుగు. అప్పుడు మొదలెట్టాడు వాడు. నేను పైనుంచి దూకి కాల్చేలోగా ఇద్దరు పడిపోయారు. ఎనిమిది మంది లోపలికి దూరారు, బేస్ మాత్రం వాళ్లదే. "ఏటయింది? అయిపోయిందా?" అని బావ అడుగుతున్నాడు, ఎవరూ మాట్లాడట్లేదు. ఇంకో గూన్ తేవాలంటే ఇంకో ఇరవై నిమిషాలు, ఈలోపు వాడు ఎవర్ని పిలిచాడో ఇద్దరొచ్చారు, మాకు బాంబులైపోయాయి, ఇంటిదారి పట్టాం. తెల్లవారుజామున మూడింటికి ఒక్కడు ఐదుగుర్ని ఆపాడు. దొంగతనం అని గోల పెట్టేవాళ్లు వాణ్ని అడగాలి. ఛానెల్లో అందరం వాడికి సెల్యూట్ కొట్టాం, వాడు కూడా తిరిగి కొట్టాడు, ఆ పలకరింపు ఈ ఆటలో ఇంకా మిగిలి ఉంది.

ఇంతకీ నన్ను ఇబ్బంది పెట్టింది టైము కాదు, ఆ పి-38 వ్యవహారం. అప్పుడే లేస్తున్న విమానాల్ని రన్‌వే మీదే కాల్చడాన్ని ఈ ఆటలో వల్చింగ్ అంటారు, రాబందు పని అని. ఇది తప్పా ఒప్పా అని పాతికేళ్లుగా కొట్టుకుంటున్నారు. నా లెక్క ఒకటే ప్రశ్న: గూన్ గాల్లో ఉందా? ఉంటే, పదిమంది సైనికులు ప్రాణాలతో ఆ గదిలోకి చేరేదాకా శత్రువుని నేలమీదే తొక్కిపెట్టడం నీ డ్యూటీ. చేయకపోతే తప్పు, ఎందుకంటే తుపాకీ లేని విమానంలో ఇరవై నిమిషాలు కూర్చుని వస్తున్నవాడు నిన్ను నమ్ముకుని వస్తున్నాడు. గూన్ లేకుండా, అసలు బేస్ తీసుకునే ఉద్దేశమే లేకుండా, నలుగురు కలిసి రన్‌వే మీద గిరికీలు కొడుతూ లేచిన ప్రతివాణ్నీ కాల్చి స్కోరు పెంచుకుంటున్నారా, అది ఆట కాదు. వాడు రెండుసార్లు చూస్తాడు, మూడోసారి లాగాఫ్ చేసి వెళ్లి పడుకుంటాడు. ఖాళీ టైములో ఇది ఇంకా ఘోరం, ఉన్న ఒక్కణ్నీ తరిమేస్తే ఇక ఎవరితో ఆడతావు?

ఆ లెక్కన ఆ రోజు మావాడు చేసింది సరైనదే, గూన్ దారిలో ఉంది. కానీ అంతకుముందు వారం అదే కుర్రాడు గూన్ లేకుండానే ఒక జపాన్ వాణ్ని లేవనివ్వలేదు, అదీ నేను వద్దన్నది. ఒక్కడొస్తే ఒక్కడు వెళ్లాలి, మిగతావాళ్లు పైకెళ్లి చూడాలి. ఇది రూల్ కాదు, ఎవరూ రాసి పెట్టలేదు, మేం పెట్టుకున్నదే.

నిజమైన యుద్ధంలో ఇవేమీ లేవు, అది వేరే సంగతి. 1944లో జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 262 జెట్‌లని గాల్లో అందుకోలేక, దిగేటప్పుడూ లేచేటప్పుడూ వాటి బేస్‌ల దగ్గరే కాపుకాసి కొట్టారు మిత్రపక్షాల పైలట్లు, ఎవరూ దాన్ని అన్యాయం అనలేదు. 1945 జనవరి 1న పొద్దున్నే జర్మన్లు మిత్రపక్షాల ఎయిర్‌ఫీల్డుల మీద పడ్డారు. నేలమీదున్న విమానాల్ని బాగానే తగలబెట్టారు, కానీ ఆ ఒక్కరోజే రెండు వందల మందికి పైగా పైలట్లని పోగొట్టుకున్నారు, విమానాలు పోయినవాళ్లకి కొత్తవి వచ్చేశాయి, పైలట్లు పోయినవాళ్లకి రాలేదు. పైగా బేస్ ఒక్కటీ పట్టుకోలేదు, దింపడానికి సైనికులు వస్తే కదా. గూన్ లేని దాడి.

గూన్ ఉన్న దాడి చూడాలంటే క్రీట్ దీవిలో మాలెమె. 1941 మే 20న జర్మన్ పారాట్రూపర్లు దిగారు, బోలెడుమంది చచ్చారు, ఎయిర్‌ఫీల్డ్ చేతికి రాలేదు. దాన్ని ఆనుకున్న 107 నంబరు కొండ మీద న్యూజిలాండ్ వాళ్లున్నారు. ఆ రాత్రి కబుర్లు సరిగ్గా అందక, తమవాళ్లు చాలామంది పోయారనుకుని కొండ ఖాళీ చేసి వెళ్లిపోయారు. మర్నాడు ఫిరంగి గుండ్లు పడుతుండగానే యుంకర్స్ రవాణా విమానాలు అక్కడ దిగడం మొదలెట్టాయి, దీవి వాళ్ల చేతికొచ్చింది. ఎవరూ లేని కొండని పట్టుకున్నారని దాన్ని ఎవడైనా దొంగతనం అన్నాడా? ఈ కథ నేను బాబాయ్‌కి చెప్తే "అది యుద్ధం, ఇది ఆటరా, ఆటకి న్యాయం ఉండాలి" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోలేదు, కానీ టీ వచ్చింది.

అయితే ఆటలో న్యాయం అనేది ఆట తయారుచేసినవాడు కొంత చూసుకోవాలి, కొంత చూసుకున్నారు కూడా. ఏసెస్ హైలో ఒక దేశం వైపు జనం బాగా ఎక్కువైపోతే, ఆ దేశానికి మంచి మంచి విమానాలు ఇవ్వడం ఆగిపోతుంది, నాసిరకం వాటితో ఆడుకోవాలి. దీన్ని ఈఎన్‌వై అంటారు, అందరూ తిడతారు, నాకైతే నచ్చుతుంది. వార్ థండర్ అనే ఇంకో ఆటలో, ఆర్కేడ్ మోడ్‌లో డామినేషన్ మ్యాచ్‌లు ఆడినవాళ్లకి తెలుసు, అక్కడ ఎయిర్‌ఫీల్డ్ పట్టాలంటే నువ్వే వెళ్లి దానిమీద దిగాలి, దిగి వేగం తగ్గించినవాడు ఊళ్లో అందరికీ టార్గెట్టే. అందుకని మొదట దిగేవాడు ఎప్పుడూ ఎర, తెలివైనవాడు రెండో విడతలో దిగుతాడు. వరల్డ్ ఆఫ్ వార్‌ప్లేన్స్‌లో 2017లో 2.0 వెర్షన్ వచ్చినప్పట్నుంచి మ్యాపంతా సెక్టార్లే, అక్కడ కాపలా విమానాల్నీ నేలమీద టార్గెట్లనీ కొట్టి పాయింట్లు నింపితే సెక్టార్ నీదవుతుంది. బాగానే ఉంటుంది, టైంపాస్‌కి. కానీ ఈ రెండింట్లోనూ మ్యాచ్ మొదలైనప్పుడు రెండువైపులా సమానంగా జనాన్ని సర్ది పెడతారు, ఎవరూ నిద్రపోతూ ఉండరు, కాబట్టి మా గొడవ అక్కడ పుట్టే వీలే లేదు. నాకు అందుకే అవి చప్పగా ఉంటాయి. ఎక్కడ కొట్టాలో ఎప్పుడు కొట్టాలో ఎంచుకోవడమే నాకు ఈ ఆటలో సగం మజా.

అసలైన మోసం అంటూ ఉంటే, రెండో అకౌంట్ పెట్టి అవతలి దేశంలో కూర్చుని, వాళ్ల గూన్ ఎటునుంచి వస్తోందో ఇవతలి వాళ్లకి చెప్పడం. దేశం మారాలంటే కొన్ని గంటలు ఆగాలని రూల్ పెట్టింది ఇలాంటివాళ్ల కోసమే, కానీ రెండు అకౌంట్లున్నవాణ్ని అదేం ఆపుతుంది. బాంబులు పడేసి ఆ క్షణంలోనే పారాచూట్‌తో దూకేసి ఇంకో విమానంలో వచ్చేవాళ్లు కూడా ఉన్నారు, అది మోసం అనను, చూడ్డానికి ఛండాలంగా ఉంటుంది అంతే.

మనవైపు నుంచి ఇంకో కష్టం, పింగ్. కొరాపుట్ నుంచి అమెరికా సర్వర్‌కి వెళ్లి రావడానికి సెకనులో పావువంతుకి తక్కువ పట్టదు. ఈ ఆటలో కాల్చినవాడి స్క్రీన్ మీద తగిలితే తగిలినట్టే లెక్క. దానివల్ల నేను తప్పించుకున్నాను అనుకున్న తర్వాత కూడా రెక్క విరిగిపోతుంది, ఎందుకంటే వాడి స్క్రీన్ మీద నేనింకా వాడి తుపాకీ ముందే ఉన్నాను. గుద్దుకోవడం కూడా అంతే, నా స్క్రీన్ మీద గుద్దుకుంటే దెబ్బ నాకే, వాడి స్క్రీన్ మీద ఖాళీగా పక్కనుంచి వెళ్లిపోయుంటే వాడికేమీ కాదు. కొత్తవాళ్లు దీన్ని చూసి చీటింగ్ చీటింగ్ అని మొత్తుకుంటారు. కాదు, నేను కాల్చేటప్పుడు అదే లాభం నాకూ ఉంటుంది. రన్‌వే మీద లేస్తున్నప్పుడు మాత్రం మనకే నష్టం, అక్కడ మనం కాల్చేదేముంది, తినడమే. వేసవి మధ్యాహ్నాల్లో గాలివాన వచ్చి కరెంటు పోతే ఇక పింగ్ సంగతి అడగనక్కర్లేదు. గూన్ నడిపేవాడి ఇంట్లో ఇన్వర్టర్ ఉండాలి, రౌటర్‌ని కూడా దానికే కలిపి ఉండాలి అనేది మా గ్రూపులో మొదటి అర్హత, విమానం నడపడం వచ్చా లేదా అనేది తర్వాత.

చివరికి గ్రూపులో తేలిందేంటంటే, ఆదివారం మధ్యాహ్నం దాడులు ఆపేది లేదు, కానీ గూన్ లేవకముందు రన్‌వే మీద ఎవర్నీ కాల్చకూడదు, వెహికల్ హ్యాంగర్‌ని ఈసారి ముందే కూల్చాలి. పి-38 కుర్రాడు మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. అభ్యంతరం చెప్పింది మా బావే, "అయితే ప్రతీ వారం గూన్ నేనే తోలాలేట్రా? నాకు మాత్రం తుపాకీ పట్టుకోవాలని ఉండదా?" అని. అదీ నిజమే కాబట్టి వంతులేసుకున్నాం. వచ్చే ఆదివారం గూన్ బాబాయ్‌ది. ఆయన ఒప్పుకున్నారు, అశ్వత్థామ సంగతి ఎత్తలేదు, కాకపోతే ఒంటిగంటన్నరకి కుదరదట, భోంచేసి ఓ కునుకు తీశాక మూడింటికైతే వస్తారట.